ఉగ్రవాద అరెస్టులు, ప్రజల అనుమానం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, వరి పొలాల మధ్య, రైసు మిల్లుల ఊరు. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసే దాకా ఈ మూడూ నల్గొండ జిల్లావే. ఇప్పుడు సూర్యాపేట ఒక జిల్లా కేంద్రం, కోదాడ ఆ జిల్లాలోనే ఉంది, మిర్యాలగూడ నల్గొండలో ఉండిపోయింది. ఉగ్రవాదులను పట్టుకున్నామనో, ఎదురుకాల్పుల్లో చనిపోయారనో పోలీసులు ప్రకటించినప్పుడు ఈ ప్రాంతంలో చాలామంది నోట మొదట వచ్చే ప్రశ్న ‘నిజంగా వాళ్లేనా?’ అన్నది. చదువుకున్నవాళ్లూ అడుగుతారు, హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లూ అడుగుతారు. దీన్ని ఉగ్రవాదుల మీద జాలిగా లెక్కగట్టడం తేలిక, కానీ అది తప్పు. ఏడు దశాబ్దాలకు పైగా ఈ నేల చూసిన దళాలు, రజాకార్లు, పటాలాలు, ఎన్‌కౌంటర్లు, కొట్టేసిన కేసులు కలిసి ఈ అనుమానాన్ని తయారు చేశాయి. దానికి కారణాలున్నాయి. కొన్నిసార్లు అది దారి తప్పడమూ ఉంది.

సూర్యాపేట బస్టాండు, 2015

2015 ఏప్రిల్ 1 రాత్రి పొద్దుపోయాక సూర్యాపేట హైటెక్ బస్టాండులో పోలీసులు బస్సులు తనిఖీ చేస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది దొంగల కోసం. ఇద్దరు ప్రయాణికులను ప్రశ్నించబోతే ఆ ఇద్దరూ తుపాకులు తీసి కాల్చారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. ఇన్‌స్పెక్టర్ మొగిలయ్య తీవ్రంగా గాయపడ్డారు. ఆ రాత్రీ మర్నాడూ వీళ్లు ఉత్తరాది నుంచి వచ్చిన అంతర్రాష్ట్ర దొంగల ముఠా అనే ప్రచారం సాగింది. పోలీసులకే మొదట వాళ్లెవరో తెలియలేదు. పేరు తెలియని రెండు రోజుల్లో పుట్టిన కథలు, పేరు తెలిశాక కూడా చావలేదు.

ఏప్రిల్ 4 పొద్దున మోత్కూరు మండలం జానకీపురం దగ్గర పోలీసులకు ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇద్దరూ చనిపోయారు. వాళ్ల కాల్పుల్లో కానిస్టేబుల్ నాగరాజు అక్కడికక్కడే ప్రాణం విడిచారు. ఆత్మకూరు ఎస్సై సిద్ధయ్య ఒంట్లో తూటాలతో హైదరాబాద్ ఆసుపత్రిలో మూడు రోజులు కొట్టుమిట్టాడి ఏప్రిల్ 7న కన్నుమూశారు. ఆయన భార్య అదే ఆసుపత్రిలో ఆ రోజుల్లోనే మగబిడ్డను కన్నది. నల్గొండ జిల్లాలో ఆ వార్త విని కంట తడి పెట్టని ఇల్లు తక్కువ.

చనిపోయిన ఇద్దరూ అస్లం, ఎజాజుద్దీన్ అని, నిషేధిత సిమీ సంస్థవారని తేలింది. 1977లో అలీగఢ్‌లో విద్యార్థి సంఘంగా పుట్టిన సిమీని కేంద్రం 2001 సెప్టెంబరులో నిషేధించింది. 2013 అక్టోబర్ 1న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు గోడ దూకి పారిపోయినవారిలో ఈ ఇద్దరూ ఉన్నారు. 2014 ఫిబ్రవరి 1న కరీంనగర్ జిల్లా చొప్పదండి స్టేట్ బ్యాంకులో జరిగిన దోపిడీ కూడా ఈ ముఠా పనేనని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. అంటే పారిపోయినవాళ్లు ఏడాదిన్నర పాటు తెలంగాణలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో తిరిగారు. వాళ్లకు గది అద్దెకు ఇచ్చిందెవరు, తుపాకీ అమ్మిందెవరు, ఆ రాత్రి ఆ బస్సులో ఎక్కడికి పోతున్నారు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పగల నోళ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఖండ్వా నుంచి పారిపోయి అప్పటికి దొరకకుండా మిగిలిన ముగ్గురిని 2016 ఫిబ్రవరిలో ఒడిశాలోని రూర్కెలాలో పట్టుకున్నారు. ఆ పట్టివేతలో తెలంగాణ పోలీసుల పాత్ర ఉంది. అదే ఏడాది అక్టోబర్ 31న భోపాల్ కేంద్ర కారాగారం నుంచి పారిపోయారంటూ కాల్చి చంపిన ఎనిమిది మందిలో ఆ ముగ్గురూ ఉన్నారు. న్యాయ విచారణ కమిషన్ ఆ కాల్పులను సమర్థించింది. సూర్యాపేట కథలో తెలియాల్సినది మాత్రం తెలియకుండానే పోయింది.

ఒక విషయం నొక్కి చెప్పాలి. జానకీపురంలో పోలీసులు చనిపోయారు. అది ఎదురుకాల్పులు కాదనడానికి ఏ ఆధారమూ లేదు. ‘అంతా నాటకం’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట అనేముందు లింగయ్య, మహేశ్, నాగరాజు, సిద్ధయ్య కుటుంబాల గడప ముందు నిలబడి అనగలమా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

ఆలేరు: మూడు రోజుల తర్వాత

సిద్ధయ్య చనిపోయిన ఏప్రిల్ 7ననే, అదే జిల్లాలో, ఆలేరు దగ్గర మరో ఐదుగురు చనిపోయారు. వరంగల్ కేంద్ర కారాగారం నుంచి హైదరాబాద్ నాంపల్లి కోర్టుకు వ్యానులో తీసుకొస్తున్న విచారణ ఖైదీలు వాళ్లు: వికారుద్దీన్ అహ్మద్, అతనితోపాటు మరో నలుగురు. 2009, 2010లో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులపై జరిగిన కాల్పుల కేసుల్లో వికారుద్దీన్ ప్రధాన నిందితుడు. 2010 జులైలో దొరికాడు. మూత్రానికని బండి ఆపించి, తిరిగి ఎక్కుతూ తుపాకీ లాక్కోబోయాడని, మిగతావాళ్లూ అతనితో కలిశారని, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. వెంట ఉన్న బందోబస్తు పదిహేడు మంది. మర్నాడు పత్రికల్లో, టీవీల్లో వచ్చిన ఫోటోల్లో ఖైదీల చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి, కొందరి శరీరాలు సీట్లలోనే ఒరిగి ఉన్నాయి.

తన ప్రాణానికి ముప్పు ఉందని, వరంగల్ నుంచి హైదరాబాద్ జైలుకు మార్చమని వికారుద్దీన్ అంతకుముందే కోర్టును కోరాడు. కేసు విచారణ చివరికి వచ్చింది. పౌరహక్కుల సంఘాలు, మజ్లిస్ నేత అసదుద్దీన్ ఒవైసీ, ఆమ్నెస్టీ స్వతంత్ర దర్యాప్తు కోరారు. ప్రభుత్వం సందీప్ శాండిల్య నాయకత్వంలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అదే రోజు పక్క రాష్ట్రంలో శేషాచలం అడవిలో ఎర్రచందనం కూలీలు ఇరవై మందిని పోలీసులు కాల్చి చంపడంతో దేశం దృష్టి రెండు చోట్లకు చీలింది.

ఆలేరు ఘటన సూర్యాపేట ఘటనను కూడా మసకబార్చింది. బస్టాండులో పోలీసులను పొట్టన పెట్టుకున్నందుకు జనంలో పెల్లుబికిన కోపం, బాధ అన్నీ నిజమైనవి. జానకీపురం దాకా జనం పోలీసుల పక్కన నిలబడ్డారు. ఆలేరు తర్వాత మాట మారింది. ‘అక్కడ చచ్చినందుకు ఇక్కడ చంపిండ్రు’ అనే మాట వినిపించింది. వికారుద్దీన్ నేరం చేశాడా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చదు కూడా. పోలీసుల దగ్గర బలమైన సాక్ష్యం ఉండి ఉంటే, ఆ వ్యానులో అది కూడా చచ్చిపోయింది. పోలీసుల మీద నమ్మకానికి ఈ జిల్లాలో ఇంతకన్నా పెద్ద దెబ్బ కొట్టింది ఏ ఉగ్రవాదీ కాదు.

పాత జ్ఞాపకం

ఈ ప్రాంతంలో ‘తీవ్రవాది’ అన్న ముద్ర ఎప్పుడూ నిలకడగా లేదు. నల్గొండ జిల్లా 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షకు పైగా ఎకరాలుండేవని కమ్యూనిస్టు చరిత్రలు రాశాయి. వెట్టిచాకిరీ, నాగులు, బలవంతపు లెవీ ధాన్యం ఆ కాలపు బతుకు. అదే తాలూకా నుంచి భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టారు. నిజాం ప్రభుత్వం వాళ్లను బందిపోట్లు అంది. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు. 1948 సెప్టెంబర్ 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం మొదటి రోజే కోదాడను చేరింది. అక్కడినుంచి మునగాల మీదుగా సూర్యాపేటకు వచ్చింది. రజాకార్ల పీడ విరగడైందని పండగ చేసుకున్న పల్లెల్లోకే కొద్ది వారాల్లో అదే సైన్యం కమ్యూనిస్టుల వేటకు దిగింది. ఆ ఐదేళ్లలో నాలుగు వేల మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారని పార్టీ లెక్క. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింలపై జరిగిన హత్యాకాండను పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. చూపని కాగితం కూడా అనుమానానికి మేతే.

నల్గొండలో పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మంది రైతు యోధులకు ఉరిశిక్ష వేశాయి. ఇంగ్లండు నుంచి న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించారు, దేశవిదేశాల్లో ఉద్యమం సాగింది, చివరికి ఉరి తప్పింది. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి నిలబడిన రావి నారాయణరెడ్డికి జవహర్‌లాల్ నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. అదే ఏడాది ఉప ఎన్నికలో హుజూర్‌నగర్, అంటే కోదాడ, మిర్యాలగూడలకు ఆనుకొని ఉన్న నియోజకవర్గం, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపింది. నిన్న తలకు వెల కట్టినవాడు ఇవాళ చట్టసభలో కూర్చున్నాడు. ఇదంతా చూసిన జనానికి సర్కారు పెట్టిన పేరును ఉన్నదున్నట్టు మింగే అలవాటు ఎలా వస్తుంది?

ఆ తర్వాత నక్సలైట్ల కాలం. ‘అన్నలు’ అన్నది ఇక్కడి పల్లెల్లో వాడుక మాట. సాగర్ నీళ్లు 1967లో వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు రెండు పంటలు చూశాయి. దళాలకు మాత్రం ఎక్కువ ఆసరా దొరికింది దేవరకొండ వైపు మెట్ట భూముల్లో, లంబాడా తండాల్లో, కృష్ణ ఒడ్డు అడవుల్లో. పోలీసులు గాలింపు జరుపుతుండగా దళం కాల్పులు జరిపిందని, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరపాల్సి వచ్చిందని, చీకట్లో మిగతావాళ్లు పారిపోయారని వచ్చే ప్రకటన ఎంత ఒకే మూసలో ఉండేదంటే, తేదీ, ఊరు మార్చితే చాలు. అత్యవసర పరిస్థితి కాలపు ఎన్‌కౌంటర్లపై 1977లో తార్కుండే కమిటీ నిజాలు వెలికితీసింది. ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ విచారణ మధ్యలోనే ఆగిపోయింది. ‘బూటకపు ఎన్‌కౌంటర్’ అన్నమాట తెలుగు పత్రికా భాషలోకి వచ్చింది ఈ దారిలోనే.

అడిగేవాళ్లు కూడా చచ్చిపోయారు. పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథంను 1985లో వరంగల్‌లో కాల్చి చంపారు. అదే ఏడాది కె.బాలగోపాల్‌ను టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద జైల్లో పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న నల్గొండ పట్టణంలో ఆ సంఘం జిల్లా నాయకుడు అజం అలీని నరికి చంపారు. ఈ జిల్లా హక్కుల ఉద్యమంలో ఆయన పేరు తలవకుండా ఇప్పటికీ సభ మొదలుకాదు. మరోవైపు 2001 డిసెంబరులో దేవరకొండ శాసనసభ్యుడు రాగ్యానాయక్‌ను నక్సలైట్లు చంపారు. ఆయనా తండా బిడ్డే. నక్సలైట్ల హింసను కూడా ప్రశ్నించాలన్న బాలగోపాల్ 1998లో పాత సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదికలో పనిచేశారు. అనుమానం రెండు వైపులా పనిచేయాలన్నది ఆయన నేర్పిన పాఠం. ఈ వ్యాసకర్త దాన్నే నమ్ముతాడు.

మక్కా మసీదు తర్వాత

ముస్లిం యువకుల అరెస్టుల మీద అనుమానం 2007లో గట్టిపడింది. ఆ ఏడాది మే 18న, శుక్రవారం నమాజు వేళ, హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత గుంపుపై పోలీసుల కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. కొద్ది వారాల్లో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను మఫ్టీలో వచ్చినవాళ్లు పట్టుకుపోయారు. కరెంటు షాకులు పెట్టారని, నగర శివార్లలోని తోటల్లో దాచి కొట్టారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది ఎల్.రవిచందర్ జైలుకు వెళ్లి చూసి, చిత్రహింసల ఆనవాళ్లున్నాయని 2008లో నివేదిక ఇచ్చారు. పేలుడు నేరం వాళ్ల మీద నిలబడలేదు, పెట్టిన ఇతర కుట్ర కేసులు కోర్టులో వీగిపోయాయి.

సీబీఐ దర్యాప్తు మరో దిక్కుకు తిరిగింది. 2010లో దేవేందర్ గుప్తా, లోకేశ్ శర్మ, ఆ తర్వాత స్వామి అసీమానంద అరెస్టయ్యారు. 2011లో కేసు ఎన్ఐఏకు వెళ్లింది. అంతకుముందు పట్టుకున్న యువకుల్లో ఇరవై మందికి మూడేసి లక్షలు, యాభై మందికి ఇరవయ్యేసి వేల రూపాయలు పరిహారంగా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. తప్పు జరిగిందని ఒక ప్రభుత్వం డబ్బు రూపంలో ఒప్పుకోవడం మన దగ్గర అరుదు. హైకోర్టు 2013లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు అసీమానంద సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులంది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అదే రోజు రాజీనామా లేఖ పంపారు. మొదట ముస్లింలను పట్టుకున్నారు, తర్వాత హిందువులను పట్టుకున్నారు, చివరికి ఎవరూ చేయలేదని తేలింది. తొమ్మిది మంది మాత్రం చనిపోయారు. ఆ ఫలితంతో ముస్లింకూ నమ్మకం పోయింది, హిందువుకూ పోయింది.

ఇదొక్కటే కాదు. 2005 అక్టోబరులో బేగంపేటలోని టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలో జరిగిన ఆత్మాహుతి దాడిలో ఒక హోంగార్డు చనిపోయాడు. పన్నెండేళ్ల తర్వాత, 2017 ఆగస్టులో, నిందితులు పది మందీ నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్లలో ఒకరిని 2022 అక్టోబరులో గ్రెనేడ్లతో మళ్లీ పట్టుకున్నామని హైదరాబాద్ పోలీసులు ప్రకటించారు. ‘అప్పుడే నిజం, కోర్టే వదిలేసింది’ అని ఒక వర్గం, ‘ఒకసారి పేరెక్కితే బతుకంతా అంతే’ అని ఇంకో వర్గం. పన్నెండేళ్ల కేసులో నిలబడే సాక్ష్యం తేలేకపోయిన వ్యవస్థే ఈ రెండు మాటలకూ మూలం.

దీనికి ఎదురుగా దిల్‌సుఖ్‌నగర్ కేసు ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్లు జరిగిన చోటు నుంచే సూర్యాపేట, కోదాడ వెళ్లే బస్సులు పోతాయి. అక్కడి కోచింగ్ సెంటర్లలో ఈ జిల్లా పిల్లలు వేలల్లో చదివేవారు. యాసిన్ భత్కల్ సహా ఐదుగురికి 2016 డిసెంబరులో ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. నేరం ఎవరిదన్న విషయంలో మక్కా మసీదు కేసులో చెలరేగినంత దుమారం ఇక్కడ లేదు. సాక్షులు వచ్చారు, నిందితుల తరఫు న్యాయవాదులు ప్రశ్నించారు, తీర్పు రెండు మెట్లలో పరీక్షకు నిలిచింది.

చట్టం ఏం చేస్తుంది

టాడా 1985 నుంచి 1995 దాకా, పోటా 2002 నుంచి 2004 దాకా అమల్లో ఉన్నాయి. ఈ రెండూ పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. మామూలు చట్టంలో అది చెల్లదు, బ్రిటిష్ కాలం నుంచీ చెల్లదు, ఎందుకో పోలీసు స్టేషను గడప తొక్కిన ప్రతివారికీ తెలుసు. ఇప్పుడున్న ఉపా చట్టంలో ఆ వెసులుబాటు లేదు. అయితే ముంబై దాడుల తర్వాత 2008లో చేసిన సవరణ ప్రకారం చార్జిషీటు వేయకుండా 180 రోజుల దాకా నిర్బంధించవచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదు. విచారణే శిక్షగా మారే చోటు ఇదే. గుల్బర్గాలో ఫార్మసీ చదువుతున్న ఒక కుర్రాణ్ని 1994 జనవరిలో హైదరాబాద్ పోలీసులు పట్టుకుపోయారు. బాబ్రీ మసీదు కూల్చివేత మొదటి వార్షికోత్సవం నాటి రైలు పేలుళ్ల కేసులో సుప్రీంకోర్టు అతన్ని వదిలిపెట్టింది 2016 మేలో. ఇరవై రెండేళ్లకు పైగా.

ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ పోలీసుల మీద హత్య కేసు నమోదు చేసి దర్యాప్తు చేయాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. ఈ తీర్పును తెచ్చింది పౌరహక్కుల సంఘం, ఈ గడ్డమీది వాళ్లు. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. తర్వాత 2014 సెప్టెంబరులో మహారాష్ట్ర కేసులో పదహారు సూత్రాలు నిర్దేశించింది: ఎఫ్ఐఆర్ తప్పనిసరి, సీఐడీ గానీ వేరే స్టేషను పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి, అనుమానం తీరేదాకా సాహస పతకాలు ఇవ్వకూడదు. ఆలేరు ఘటన ఆ తీర్పు వచ్చి ఏడు నెలలైనా నిండకముందే జరిగింది.

విచారణ దారి తప్పడం మన దగ్గరే కాదు. ఇంగ్లండులో 1974లో బర్మింగ్‌హామ్ మద్యశాలల పేలుళ్లలో ఇరవై ఒక్క మంది చనిపోతే ఆరుగురు ఐర్లండు వారికి యావజ్జీవం వేశారు. పదహారేళ్ల తర్వాత, 1991లో, శిక్ష తప్పని ఒప్పుకొని వదిలిపెట్టారు. అసలు దోషులెవరికీ ఇప్పటికీ శిక్ష పడలేదు. తప్పుడు అరెస్టు అమాయకుణ్ని ఒక్కణ్నే కాదు, చచ్చినవాళ్లను కూడా మోసం చేస్తుంది.

మూలాల గురించి

తీవ్రవాదానికి మూలం పేదరికమని కొందరు, మతమని కొందరు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ జిల్లా అనుభవం రెండింటినీ ఒప్పుకోదు. సాయుధ పోరాటానికి భూమి, వెట్టి మూలం. 1940లో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడైన కామారెడ్డిగూడెం షేక్ బందగీ ముస్లిం, అతని సమాధి దగ్గర దండం పెట్టింది హిందూ రైతులు. పోరు సమసిపోవడంలో తుపాకీతోపాటు కౌలుదారీ చట్టానికి, ఓటుకు, తర్వాత కాలంలో కాలువ నీళ్లకు వాటా ఉంది.

సిమీ తరహా తీవ్రవాదం దారి వేరు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత, 2002 గుజరాత్ మారణకాండ దానికి ఎరువయ్యాయి. ఆ కోపాన్ని పట్టుకొని, లౌకిక రాజ్యాంగమే శత్రువని నూరిపోసిన సంస్థ, సరిహద్దు అవతలి ఆయుధం, జైల్లో దొరికిన స్నేహం కలిశాయి. కోపం లక్షలమందిలో ఉంది, తుపాకీ పట్టింది వేళ్ల మీద లెక్కించదగినవాళ్లే. కాబట్టి కోపం ఒక్కటే కారణమనడం ఆ లక్షలమందిని అవమానించడమే. సూర్యాపేటలో కాల్చినవాళ్లు మధ్యప్రదేశ్ నుంచి వచ్చారు. ఈ రహదారి వాళ్లకు ఒక దారి మాత్రమే. ఇక్కడి ముస్లింలు తరతరాలుగా సైకిలు షాపులు, లారీ మెకానిక్ పనులు, మాంసం దుకాణాలు, పండ్ల బండ్లు నడుపుకుంటూ తెలుగులోనే బేరమాడుతూ బతుకుతున్నారు. ఎక్కడి నుంచో వచ్చిన ఇద్దరు చేసిన పనికి వీళ్లను జవాబు అడగడం ఏ లెక్కనా న్యాయం కాదు.

తెలంగాణ పోలీసులు 2014లో ఒక మంచి ప్రయత్నం చేశారు. ఐసిస్‌లో చేరడానికి బంగ్లాదేశ్ దారి పట్టిన హైదరాబాద్ యువకులను పశ్చిమ బెంగాల్‌లో ఆపి, కేసు పెట్టకుండా తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి బుద్ధి చెప్పి పంపారు. 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో పట్టుబడ్డ ముగ్గురిలో అలా కౌన్సెలింగ్ పొందినవారు ఉండటంతో ఆ పద్ధతే వృథా అన్న విమర్శ వచ్చింది. ఒకటి రెండు వైఫల్యాలతో దాన్ని వదిలేయడం పొరపాటు. బిడ్డ దారి తప్పుతున్నాడని తండ్రి తానే వచ్చి పోలీసుకు చెప్పాలంటే, వాడు ప్రాణాలతో తిరిగొస్తాడన్న భరోసా ఆ తండ్రికి ఉండాలి. ఆలేరు ఆ భరోసాను కోసేసింది.

మిర్యాలగూడ: ఒకే మనిషి, రెండు కేసులు

ఈ ప్రాంతపు అనుమానంలో అత్యంత చిక్కైన ముడి మిర్యాలగూడలో ఉంది. గుజరాత్ మాజీ హోంమంత్రి హరేన్ పాండ్యాను 2003 మార్చి 26 పొద్దున అహ్మదాబాద్‌లో ఆయన కారులోనే కాల్చి చంపారు. కొద్ది వారాల్లో హైదరాబాద్ శివార్లలో పట్టుబడ్డ మిర్యాలగూడవాసి అస్గర్ అలీయే కాల్చిన మనిషి అని సీబీఐ చెప్పింది. గుజరాత్ అల్లర్లకు ప్రతీకారం అన్నది దర్యాప్తు కథ. పాండ్యా సొంత కుటుంబమే దాన్ని నమ్మలేదు. తండ్రి విఠల్‌భాయ్, భార్య జాగృతి రాజకీయ కుట్ర ఉందని బహిరంగంగా అన్నారు. ఈ కేసుకు సంబంధించే 2004 అక్టోబర్ 31న గుజరాత్ పోలీసులు హైదరాబాద్ వచ్చి మౌలానా నసీరుద్దీన్‌ను అరెస్టు చేస్తుంటే, డీజీపీ కార్యాలయం ముందు అడ్డుపడిన గుంపులో ముజాహిద్ సలీం అనే యువకుణ్ని గుజరాత్ అధికారి ఒకరు కాల్చి చంపారు.

2007లో పోటా కోర్టు అస్గర్ అలీకి యావజ్జీవం వేసింది. 2011 ఆగస్టులో గుజరాత్ హైకోర్టు హత్యానేరం నుంచి నిందితులందరినీ విడిచిపెడుతూ దర్యాప్తును కటువుగా తప్పుపట్టింది. తూటా గాయాలకు, కారు అద్దం ఉన్న తీరుకు, సాక్షి చెప్పినదానికి పొసగడం లేదంది. 2019 జులై 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి శిక్షలను మళ్లీ నిలబెట్టింది. మళ్లీ దర్యాప్తు కోరిన స్వచ్ఛంద సంస్థకు యాభై వేలు జరిమానా కూడా వేసింది. పోలీసు అధికారుల ముందు ఇచ్చిన నేరాంగీకారాలకు ఈ కేసులో గట్టి పాత్ర ఉంది, అవి పోటా చట్టం వల్లే కోర్టు దాకా వచ్చాయి. చట్టం దృష్టిలో అస్గర్ అలీ దోషి. అది తుది తీర్పు. అయినా ఒక కోర్టు దోషి అని, ఒక కోర్టు కాదని, ఇంకో కోర్టు మళ్లీ అవునని పదహారేళ్లు సాగిన కేసు గురించి మిర్యాలగూడలో ఇద్దరు మనుషులు రెండు మాటలంటే వాళ్లను దేశద్రోహులనలేం.

హైకోర్టు వదిలిన తర్వాత, సుప్రీంకోర్టు మళ్లీ పట్టక ముందు, ఈ మనిషి పేరు మరో చోట వినిపించింది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర, గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తున్న ప్రణయ్ అనే దళిత యువకుణ్ని వెనక నుంచి వచ్చి నరికి చంపారు. అగ్రకులపు మామ మారుతీరావు కిరాయికి చేయించిన హత్య ఇది. ఆ బేరం కుదిర్చినవారిలో అస్గర్ అలీ ఒకడని పోలీసులు చెప్పారు. మతం కోసం చంపాడని ముద్రపడ్డ మనిషి మీద, ఈసారి ఇంకొకరి కులగౌరవం కోసం డబ్బు తీసుకున్నాడన్న అభియోగం. దీన్ని ఉగ్రవాద కేసు అని ఎవరూ అనలేదు. నల్లముసుగులు తొడిగి ఢిల్లీ మీడియా ముందు నిలబెట్టలేదు, ప్రత్యేక చట్టం కింద నేరాంగీకారం రాయించలేదు. హత్య ఆసుపత్రి సీసీ కెమెరాకు చిక్కింది. జిల్లా పోలీసులు సాక్షులను, డబ్బు చేతులు మారిన తీరును ఒక్కొక్కటిగా కూర్చారు. 2025 మార్చి 10న నల్గొండలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు నరికిన వ్యక్తికి ఉరిశిక్ష, అస్గర్ అలీతో సహా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ తీర్పు వచ్చిన రోజు మిర్యాలగూడలో శిక్ష ఎక్కువా తక్కువా అన్న వాదన నడిచింది. పట్టుకున్నది అసలు మనుషులనేనా అన్న ప్రశ్నకు మాత్రం చోటు దొరకలేదు.